మునిగిన కారు మోటారు

బాలిక్చి ఊరి చివర, సరస్సు గాలి సూటిగా కొట్టే చోట జోల్దోష్ మెకానిక్ షెడ్డు. ఆ మధ్యాహ్నం మంచు పలచగా రాలుతోంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. పక్కనున్న కరకోల్ ఊరికి టాక్సీ నడిపే బురుల్ వచ్చి హారన్ మోగించింది. ఆమె వైపు కిటికీ అద్దం సగంలో ఆగిపోయింది.

"తమ్ముడూ, చెవి రాయిలా గడ్డకట్టింది. కారు నిండా జనం. తొందరగా చూడు."

"రాయైతే మంచిదే అక్కా, వెనక సీటు వాళ్ల సణుగుడు వినపడదు."

"నీ నోటికి మూత లేదు గానీ, ముందు అద్దం సంగతి చూడు!"

జోల్దోష్ తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. అద్దం ఎత్తే మోటారు కాలిపోయి కమురు వాసన కొడుతోంది. బజారుకి ఫోన్ చేస్తే ఆ రకం లేదన్నారు.

ఉంది. షెడ్డు వెనకే ఉంది. ఎర్మెక్ కారులో.

ఈ ఏడు మంచు పడకముందు ఆ కారు రోడ్డు మీద నుంచి జారి, అంతకుముందే ఎందరినో మింగిన సరస్సులో మునిగింది. పైకి లాగినప్పుడు అద్దాలన్నీ బిగిసే ఉన్నాయి. ఎర్మెక్ వేలు అద్దం స్విచ్ మీదే ఉంది. అతని తల్లి ఉమ్సునాయ్ కారుని తుక్కుకి వెయ్యనివ్వలేదు. "ఇందులో ఒక్క మర కూడా ముట్టుకోకు నాయనా. నా బిడ్డ చివరి ఊపిరి ఇందులోనే ఉంది," అంది. జోల్దోష్ అక్కడి ఆచారం ప్రకారం రొట్టె పట్టుకుని ఒట్టేసి మాట ఇచ్చాడు.

ఒక్క మోటారే కదా, కొత్తది దొరకగానే మళ్లీ పెట్టేద్దాం అని సర్దిచెప్పుకున్నాడు. మరలు విప్పాడు. మోటారు చేతిలోకి రాగానే సన్నగా నీళ్లు కారాయి. ఎప్పుడో ఎండిపోయిన కారది.

తుడిచి బురుల్ కారుకి బిగించాడు. అద్దం నున్నగా పైకి లేచింది.

"ఎక్కడిదిరా ఇది?"

"పాత సామాన్లలో దొరికిందక్కా," అన్నాడు, చూపు తిప్పుకుని.

"చల్లగా ఉండు తమ్ముడూ!"

ఆ దీవెన ముల్లులా గుచ్చుకుంది. తర్వాత టీ కూడా సహించలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"తమ్ముడూ... అద్దం దానంతటదే దిగుతోంది. ఎత్తితే మళ్లీ దిగుతోంది."

"ఫ్యూజు పీకెయ్ అక్కా."

గాలి హోరు. జనం తిట్లు. తర్వాత ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

"పీకేశాను... అయినా దిగుతోంది. తలుపులో చప్పుడు... ఎవరో లోపల్నుంచి గుద్దుతున్నట్టు."

నిజం చెప్పాలి. చెబితే ఊళ్లో తలెత్తుకోలేడు. ఇంతలో ఫోన్లో చంటిబిడ్డ ఏడుపు వినిపించింది.

"ఆపక్కా! కారు ఆపు! అందరూ దిగండి! అది... అది ఎర్మెక్ కారు మోటారు. నేనే పెట్టాను."

అటునుంచి బ్రేకు కీచుమంది.

"నా కార్లో పసిబిడ్డ ఉందిరా," అంది బురుల్.

అతను వెళ్లేసరికి వాళ్లంతా రోడ్డు పక్క మంచులో ముడుచుకుని నిలబడ్డారు. బురుల్ అతని మొహం కేసి చూడలేదు. జోల్దోష్ వైర్లు కత్తిరించాడు. మోటారు ఊడదీశాడు. చేతిలోకి వచ్చాక కూడా అది తిరుగుతూనే ఉంది. మెల్లగా. ఒకే వైపు... అద్దం దించే వైపు.

షెడ్డుకి తిరిగొచ్చి దాన్ని ఎర్మెక్ కారులో బిగించాడు. బ్యాటరీ తగిలించనేలేదు. అద్దం కదిలింది. దిగింది... పూర్తిగా దిగింది. నాచు వాసన గుప్పుమంది. తడిగా ఏదో అతని చెంపని రాసుకుంటూ బయటికి పోయింది.

పొద్దు వాలుతుండగా ఉమ్సునాయ్ ఇంటికి పరుగెత్తాడు. తలుపు ఓరగా తెరుచుకుంది.

"అమ్మా, మాట తప్పాను. నన్ను క్షమించు... నేను..."

"ష్..." ముసలామె పెదాల మీద వేలు పెట్టుకుంది. కొడుకు పోయాక ఆ మొహంలో అంత వెలుగు అతను చూడలేదు. "మెల్లగా నాయనా. వాడిప్పుడే పడుకున్నాడు."

లోపలి గదిలో ఎవరో దగ్గారు. గొంతులో నీళ్లు నిండినప్పుడు వచ్చే దగ్గు.

ఆమె అతని భుజం మీదుగా వాకిట్లోకి చూసింది. గుసగుసగా అడిగింది.

"వాడి వెంట వచ్చినవాళ్లు ఎంత పిలిచినా లోపలికి రావడం లేదు. నీ వెనకే నీళ్లోడుతూ నిలబడ్డారు చూడు... ఎవరు నాయనా, వాళ్లంతా?"