ఉండావా మలుపు

సున్నపుమేడులో ఆ మలుపు దగ్గరికి రాత్రి తొమ్మిది దాటితే ఏ రిక్షావాడూ వచ్చేవాడు కాదు. ఎంత బతిమాలినా సరే, సోడా కొట్టు దగ్గరే దించేసి, "ఆపైన మీరే నడిచి పోండి సార్" అని వెనక్కి చూడకుండా పోయేవాడు.

ఎందుకంటే — ఆ మలుపులో తారురోడ్డు అడుగునుంచి ఒక గొంతు అడుగుతుందట.

"ఉండావా...?"

అంతే. ఇంకో మాట లేదు. కాసేపాగి మళ్ళీ — "ఉండావా...?" బదులు మాత్రం చెప్పకూడదు. పాలుపోసే రాసాత్తి ఒకసారి తెలియక "ఆఁ" అందట, మూడు రోజులు మంచం దిగలేదు. అప్పట్నుంచీ దానికి ఉండావా మలుపు అనే పేరు స్థిరపడిపోయింది.

వాషర్‌మెన్‌పేట దాటి తిరువొత్తియూరు వైపు పోతుంటే, రైలుకట్టకు అవతల ఉంటుంది సున్నపుమేడు. చిన్న ఊరే అయినా దానికో మునిసిపాలిటీ ఉంది. నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే, ఆ మునిసిపాలిటీ ఉందన్న నమ్మకం కూడా అంతంతమాత్రమే. ఈ సంగతి నాకు చెప్పింది మా స్కూల్లో లెక్కల మాస్టారు శేషాచలం గారు. అతిశయోక్తులు చేతగాని మనిషి ఆయన. చెప్పడంలో ఎక్కడైనా కోపం కనిపిస్తే అది నాది.

1956. నవంబరు వానలు. మాస్టారి ఇల్లు ఆ మలుపుకు నాలుగిళ్ళ అవతల. ఆ ఏడాది ఉగాది ముందు, ఎవరో పెద్దమనిషి వస్తున్నారని ఆ వీధికి హడావుడిగా తారు పోశారు. అందరూ సంతోషించారు. వానలు మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి — మురుగు పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది. స్నానాల గది తూములోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుకొచ్చి, నడవ నిండి, వంటింటి గడప దాకా నిలిచాయి. మాస్టారి భార్య వరదలక్ష్మి గారు పీట మీద కుంపటి పెట్టుకుని, ఇంకో పీట మీద నిలబడి వంట చేసేవారు.

వాళ్ళకు ఒక్కతే బిడ్డ, కుముదిని. ఆరేళ్ళు. ఆ నీళ్ళ పుణ్యమా అని టైఫాయిడ్ వచ్చి ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో పడుకుంది. ఎలాగో గట్టెక్కింది. కాని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు — "ఆ మురుగింటికి బిడ్డను పంపను. రెండోసారి వస్తే తట్టుకోలేదు."

అద్దెకు ఇల్లు చూద్దామంటే ఆ వానల్లో ఖాళీ ఏదీ? టైఫాయిడ్ అనగానే చుట్టాలంతా తలుపులు వేసుకున్నారు. మాస్టారు రోజూ సాయంత్రం ఆసుపత్రికి పోవడం, ఆ పిల్ల ఆయన చొక్కా పట్టుకుని "నాన్నా, ఇంటికి పోదామా?" అనడం, ఆయన "రేపమ్మా" అనడం. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు.

తెలియాల్సింది మునిసిపాలిటీకి. అక్కడ రెండు గదులు, ఎదురెదురుగా. ఒకటి డ్రైనేజీ, ఒకటి రోడ్లు. డ్రైనేజీ గదిలో గుమాస్తా భాష్యం.

"మీ వీధిలో మ్యాన్‌హోల్ మూతే లేదు సార్. ప్లాన్ చూడండి."

"పాత ప్లాన్ ఏదయ్యా?"

"చెదలు తినేసింది. ఇది కొత్తది. రోడ్డు పోసినాక మనుషుల్ని పంపించి, కనిపించిన మూతలన్నీ గుర్తు పెట్టుకోని గీసినాము."

"మూతమీద తారు పోసేస్తే ఎట్లా కనిపిస్తుంది?"

"కనిపించలేదంటే లేదనే గదా సార్ అర్థం!"

ఎదుటి గదిలో బాలసుందరం. వాడిది ఇంకో రాగం.

"రోడ్డు పగలగొట్టాలంటే, ఆడ మూత ఉండాదని డ్రైనేజీవాళ్ళు రాసియ్యాల సార్. రాసిస్తే తెల్లారే పగలగొడతా."

"రోడ్డు పగలగొడితేగాని మూత ఉన్నదీ లేనిదీ చెప్పలేమంటున్నారయ్యా వాళ్ళు!"

"చూసినారా? ఇంక నేనేం చేసేది?"

మాస్టారు పదకొండు అర్జీలు పెట్టారు. ఆ గదినుంచి ఈ గదికి ఒక కాగితం రావడానికి పదహారు రోజులు పట్టింది. మధ్యలో ఉన్నది వరండా — ఆరడుగుల వరండా! అది దాటడానికి పదహారు రోజులు! వింటుంటే నాకే ఒళ్ళు మండిపోయింది. ఆయన ఎట్లా ఓర్చుకున్నారో తెలియదు.

ఆ శుక్రవారం డాక్టరు ఆఖరి మాట చెప్పాడు. మంచాలు చాలడం లేదు, ఆదివారానికి బిడ్డను తీసుకుపోవాలి. ఎక్కడికైనా సరే, ఆ ఇంటికి మాత్రం వద్దు. కుముదిని చొక్కా వదల్లేదు. అది నిద్రపోయేదాకా కూర్చుని బయటికొచ్చేసరికి ఆఖరి బస్సు పోయింది. మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని వాషర్‌మెన్‌పేట నుంచి నడక సాగించారు.

మలుపు చేరేసరికి పదకొండు దాటింది. వాన వెలిసింది. వీధి దీపం లేదు, స్తంభం ఉంది. దాని మీదా ఒక అర్జీ ఉంది.

రోడ్డు మధ్యకు వచ్చారు. అప్పుడు వినిపించింది...

"ఉండావా...?"

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గొంతు నేలమీదే పాకుతూ వచ్చినట్టుంది. ఎటునుంచో తెలియడం లేదు. మాస్టారు ఊపిరి బిగబట్టారు.

"ఉండావా...?"

ఆపైన — సరిగ్గా ఆయన పాదాల కింద — బొంగురుగా, మెల్లగా...

"ఉండా..."

టక్. టక్. టక్.

చెప్పుల అడుగున అదురు తెలిసింది. పరిగెత్తాలి. కాని ఆయన పరిగెత్తలేదు. ఎందుకంటే, భయం వెనకాలే పట్టలేనంత కోపం పొంగుకొచ్చిందట. నాతో ఆ మాటే అన్నారు — "దెయ్యమైతేనేం స్వామీ! అడిగితే బదులన్నా చెబుతోంది. ఈ మూడు వారాల్లో ఈ ఊళ్ళో నాకు వినిపించిన మొదటి బదులు అది."

అంతలో పది గజాల అవతల, రోడ్డు మీదనుంచి తెల్లటి ఆకారం ఒకటి లేచింది.

"ఎవురది?" అంది అది. "ఆడ నిలబడిందెవురు?"

"నేను... శేషాచలం. లెక్కల మాస్టర్ని. నువ్వెవరు?"

"దెయ్యాన్ని గాదు సామీ, పరిగెత్తబాకండి. పచ్చయమ్మని. డ్రైనేజీ మాదయ్య పెండ్లాన్ని."

దగ్గరికొచ్చింది. చీరంతా తడి, చెంపకు రోడ్డు మీది ఇసుక. ఇంతసేపూ ఆమె ఆ తారుకు నోరానించి పిలుస్తోందన్నమాట. మాస్టారికి కాస్త ఊపిరొచ్చింది. పాపం, తానే అడిగి, తానే గొంతు మార్చి బదులు చెప్పుకుంటోంది కాబోలు అనుకున్నారు.

"ఎవరిని పిలుస్తున్నావమ్మా?"

"మాయన్ని." రోడ్డు వైపు చూపించింది. "ఈ రోడ్డు పోసిన దినం ఆయన లోపల ఉండాడు సామీ. పైన కన్నియప్పన్ కాపలా. వెదురుబద్దలు కావాలంటే తెచ్చేదానికి పోయినాడు. దారిలో ఓవర్సీరు అడిగినాడంట — మాదయ్య యాడరా అని. ఇంటికి పోయుండాడు సార్ అన్నాడంట వాడు."

"ఇంటికా? లోపల ఉన్నాడని చెప్పక?"

"అదే చెప్పినాడు సామీ! మా పనిలో గుంతలోకి దిగినాడు అనం. దిగినాడంటే పూడ్చేదానికి దించినట్టు, పాడు మాట. ఇంటికి పోయుండాడు అంటాం. పైకొస్తే, ఇంటినుంచి వచ్చినాడంటాం. మా తాతల కాలంనుంచి అంతే. ఓవర్సీరుకేం తెలుసు? మనిషి ఇంటికి పోయినాడు గదా అని మూతేసి తారు పోయించినాడు."



కన్నియప్పన్ తిరిగొచ్చేసరికి రోడ్డు మీద రోలరు తిరుగుతోంది. మాదయ్య పైకొచ్చి నిజంగానే ఇంటికి పోయుంటాడనుకున్నాడు. రాత్రి పచ్చయమ్మ వచ్చి అడిగితే అప్పుడు తల బాదుకున్నాడు. ఇద్దరూ ఓవర్సీరు దగ్గరికి పరిగెత్తారు. పెద్దమనిషి వచ్చిపోయేదాకా కొత్త రోడ్డు ముట్టుకునేది లేదన్నాడు. ఆ తర్వాత అడిగితే, అక్కడ మూతే లేదు పొమ్మన్నాడు. హాజరు పట్టీలో రాసేశారు — ఇంటికి పోయినాడు, మళ్ళీ పనికి రాలేదు. కన్నియప్పన్ భయపడి ఊరు విడిచి పోయాడు.

"ఈ మలుపులోనే యాడనో అన్నాడు సామీ. తారు పోసినాక అంతా ఒకటే నలుపు. ఒక దినం పలుగు తెస్తే పోలీసుకు పట్టించినారు. ఇంక రాత్రిపూట వస్తా ఉండా. ఎనిమిది నెలలాయె."

"అమ్మా... ఇంకా బతికుంటాడనా?"

"లేడని నాకు తెలీదా? పైనుండేవాళ్ళు పిలస్తానే ఉండాల సామీ. లోపలి మనిషి పైకొచ్చేదాకా ఆపగూడదు. అది మా పని."

మాస్టారు గొడుగు మొనతో తన కాళ్ళ దగ్గర గట్టిగా పొడిచారు. లెక్కల మనిషి కదా, ఆయన బుర్ర అప్పటికే కారణం కట్టేసింది. ఆమె అక్కడ రాయి పెట్టి కొడితే, ఇక్కడ మోగింది. అంటే —

"పచ్చయమ్మా, ఇక్కడ డొల్ల ఉంది! సరిగ్గా ఇక్కడే!"

ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ చోట చేతులు రెండూ ఆనించి కూలబడింది.

మాస్టారి ఇంట్లో కొబ్బరికాయలు ఒలిచే గడ్డపార ఉంది. జన్మలో సుద్దముక్క తప్ప ఏమీ పట్టని ఆ మనిషి అర్ధరాత్రి మునిసిపాలిటీ రోడ్డును పొడవడం మొదలుపెట్టారు. ఆయన అలిసిపోతే ఆమె. చేతులు బొబ్బలెక్కాయి. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి, మళ్ళీ గబగబా మూసుకున్నాయి. మలుపు దెయ్యం రోడ్డు తవ్వుకుని బయటికొస్తోందనుకున్నారట!

తెల్లవారుజామున, జానెడు లోతులో — ఖంగుమంది.

ఇనప మూత.

వీధి ఊడ్చడానికొచ్చిన పనివాళ్ళు చేరారు. ఓవర్సీరు రాకముందే నలుగురు కలిసి మూత లేపారు. ఇద్దరు లోపలికి పోయారు, ఈసారి పైన పది మంది నిలబడి ఉండగా. మెట్ల మొదట్లో, జారిపడిన కంకరలో కూరుకుపోయి ఉన్నాడు మాదయ్య. ఎనిమిది నెలలకు మిగిలిందేదో అది. ఆ కంకరా ఆయనా కలిసే మురుగుకు అడ్డుపడ్డారు. బయటికి తీసి, వెదురుబద్దలు తోయగానే, లోపల ఎక్కడో పెద్ద గుటక వేసినట్టు చప్పుడయింది.

వరదలక్ష్మి గారు ఉత్త కాళ్ళతో పరిగెత్తుకొచ్చారు. "ఏమండీ! నీళ్ళు దిగిపోతున్నాయండీ! మన ఇంట్లో..."

గోనెపట్టా పక్కన కూర్చున్న పచ్చయమ్మను చూసి ఆగిపోయారు. తన బిడ్డ ఇంటికొస్తుంది. సంతోషం వస్తుంటే ఆవిడకు సిగ్గేసిందన్నారు మాస్టారు.

తొమ్మిది గంటలకు రెండు గదులవాళ్ళూ వచ్చారు. బాలసుందరం తవ్విన గొయ్యి కొలిచాడు. భాష్యం ప్లాన్ మీద కొత్తగా ఒక సున్నా చుట్టాడు. మధ్యాహ్నానికే మాస్టారికి నోటీసు — అనుమతి లేకుండా రోడ్డు తవ్వినందుకు సంజాయిషీ ఇవ్వాలని. దానికి పదహారు రోజులు పట్టలేదు! హాజరు పట్టీలో మాదయ్య పేరు పక్కన రాసింది మాత్రం కొట్టేయలేదు. అది వేరే సెక్షనువాళ్ళు చేయాలట.

శనివారమంతా సున్నం, ఫినాయిలు. ఆదివారం కుముదిని ఇంటికొచ్చింది.

గురువారం సాయంత్రం పచ్చయమ్మ వచ్చింది. వాకిట్లోనే నిలబడి, "పాప బాగుందా సామీ?" అంది. మాస్టారు కూర్చోమంటే మెట్టు మీద కూర్చుంది. కాసేపు ఏదో మాట్లాడారు. మాటల మధ్య మాస్టారన్నారు —

"నీ గొంతు విని ముందు గుండాగినంత పనయిందిలే. కాని నువ్వు ఆ ‘ఉండా’ అని, రాయితో మూడుసార్లు కొట్టకపోతే ఆ చోటు మనకు దొరికేదే కాదు."

పచ్చయమ్మ తలెత్తింది.

"నేను ‘ఉండా’ అన్లేదే సామీ."

"అన్నావమ్మా. విన్నాను కదా."

"నేనెట్లంటా?" ఆమె తేలిగ్గానే అంది, పిల్లలకు చెప్పినట్టు. "పైనుండేవాళ్ళు ‘ఉండావా’ అనాల. లోపల మనిషి ‘ఉండా’ అని, గోడమీద మూడు దెబ్బలు కొట్టాల. నేను పైన గదా ఉండేది? నా చేతిలో రాయి యాడిది? ఆ మాటన్నది మీరు. గొడుగుతో కొట్టింది మీరు. ఎవురో దారినపోయే మనిషి ఎగతాళికి బదులు చెప్పినాడనే గదా నేను లేచింది..."

ఆ రాత్రి ఆ దెబ్బలు వినిపించేసరికి గొడుగు ఇంకా ఆయన చంకలోనే ఉంది.

ఆయన ముఖం చూస్తూ చూస్తూ పచ్చయమ్మ మాటలు మెల్లగా ఆగిపోయాయి.

"మీరు గాదా సామీ?"

మాస్టారు కాదన్నట్టు తల ఊపారు.

ఇంట్లోంచి కుముదిని నవ్వు వినిపిస్తోంది. పచ్చయమ్మ భయపడుతుందేమో అనుకున్నారట మాస్టారు. ఆమె భయపడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే... చెప్పినాడే సామీ," అంది. "నాకు బదులు చెప్పినాడే."