నలభై ఒకటో కిలోమీటరు వంపు

నలభయ్యో కిలోమీటరు దాటాక సుభాషిణి నేల పొరలు చదివే పెట్టెను, పొరచదువరిని, మళ్లీ రోడ్డుకు ఆనించింది. తెర మీద పొరలు తేలాయి: పైన ఎండను కరెంటు చేసే ఎండతారు, దాని కింద పాత తారు, ఆ కింద కంకర, అన్నిటికన్నా అడుగున ఎడ్లబండ్ల గాడి. ఈ రాష్ట్ర రహదారికి నూట నలభై ఏళ్లు. పొద్దున్నుంచి ఆమె పదహారు వంపులకు కారణాలు నమోదు చేసింది. వాగు, చెరువు, అడవి. కారణం ఉన్న వంపు నిలుస్తుంది. లేనిదాన్ని వెనకాలే వస్తున్న సరళయంత్రాలు తిన్నగా చేస్తాయి.

ఇక్కడ రోడ్డు ఉన్నట్టుండి ఎడమకు తిరిగింది. పాత రిజిస్టరులో ‘బండ అడ్డం’ అని ఉంది.

"బండ లేదు. మెత్తటి మట్టి, పైన మిగులు కంకర. వంపు అకారణం," అంది పొరచదువరి.

"నీ పెట్టె నిజమే చెప్పిందే పాపా!"

కంకర కుప్ప పక్కన ఒక ముసలామె చేతిలో రాయితో నిలబడి ఉంది.

"ఎవరవ్వా నువ్వు?"

"వల్లెపు గురవమ్మని. ఈ రోడ్డుకు రాయి కొట్టినోళ్ల వంశం. బండ యాడిది? మేస్త్రి అబద్ధం రాసినాడు. రాళ్లు పగలేసే మందు పేలి ముగ్గురు ఆడోళ్లు పోతే ఈడే పూడ్చినారు. మర్నాడే వాళ్ల మీద కంకర పొయ్యమన్నాడంట దొర. మావోళ్లు సుత్తులు కింద పడేసినారు. మేస్త్రి ఏం జేస్తాడు? బండ ఉండాదని రాసి రోడ్డు తిప్పినాడు."

ఆమె చేతిలో రాయిని కుప్ప మీద పెట్టింది.

"ఈ దోవన పొయ్యే మావోళ్లం తలా ఒకటి ఏస్తాం. నీ పెట్టెకది మిగులు కంకరంట!" నవ్వబోయి ఆగింది. "ఇప్పుడు వాళ్ల మీదుగా బండ్లు పోతాయా?"

సుభాషిణి తెర వైపు చూసింది. ‘బండ’ అని వేలిముద్ర వేస్తే చాలు, వంపు నిలుస్తుంది. ఆ ముగ్గురు మాత్రం మళ్లీ బండ కిందే ఉండిపోతారు.

"వాళ్ల పేర్లు చెప్పవ్వా."

"చెంద్రమ్మ, ఓబుళమ్మ, పెద్దక్క."

కారణాల జాబితా మూసి, ఖాళీ గడిలో ‘మనుషులు’ అని రాసి, కింద మూడు పేర్లూ చేర్చి వేలిముద్ర వేసింది.

పొరచదువరి పాత నమోదులన్నీ తిరగేసి పలికింది.

"కొత్త కారణం. ఈ దారిలో అకారణమని తీసేసిన వంపులు ముప్పై రెండు. పదకొండింటికి వేలిముద్ర మీది. అక్కడ మనుషులను ఎవరూ అడగలేదు. వెనక్కి వెళ్లి అడగాలా?"

వెనక సరళయంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. గురవమ్మ వంగి, ఒక రాయి ఏరి ఆమె చేతిలో పెట్టింది.

"ఇంద, నువ్వూ ఒకటెయ్."

సుభాషిణి రాయి వేసింది. తర్వాత తను వచ్చిన తిన్నని దారి వైపు తిరిగింది.

"అడగాలి," అంది.