మూడు లెక్కపెట్టేదాకా

"ఆ పేజీ చేసింది నేనే."

హాలు చివరి వరస నుంచి ఆ మాట వచ్చేటప్పటికి నేను స్టేజీ మీద పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతా ఉండాను. ఆ నవ్వు అట్టాగే మొహానికి అతుక్కుపోయింది. ఎంత లాగినా రాలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు శివ, వెబ్ డిజైనర్‌ని. తోటపల్లి గూడూరు పక్కన సముద్రం ఒడ్డునే మా పాలెం. చెన్నై కంపెనీకి ఇంట్లో నుంచే పని చేస్తా, రాత్రి రెండింటిదాకా కాల్స్ మాట్లాడతా, పొద్దున తొమ్మిదిన్నరకి లేస్తా. ఏడాదికి మూడు నాలుగు కాన్ఫరెన్సులకి పోయి ఉపన్యాసాలు కూడా ఇస్తా.

కాన్ఫరెన్స్ అంటే ఏందో తెలియని అదృష్టవంతులకి చెప్తా వినండి. మెడలో పేరు రాసిన పట్టీ, చేతిలో కాఫీ. ప్రతివాడూ "మీరేం చేస్తుంటారు?" అని అడుగుతాడు. మనం చెప్పేలోపల బఫే తెరుస్తారు, అడిగినవాడు ప్లేటు పట్టుకుని మాయమైపోతాడు. పోయినేడు చెప్పిన మాటలే ఈ ఏడు రంగు మార్చి చెప్తారు. ఒక్క లాభం మాత్రం ఉంది, పోయిన ప్రతిచోటా టీషర్టు ఇస్తారు. అవన్నీ మా నాయన చిన్నపోలయ్య చేపల వేటకి వేసుకుపోతాడు. వీపు మీద ఇంగ్లీషులో "నన్నేదైనా అడగండి" అని ఉంటది. ఎవరేం అడిగినా ఆయన "ఊఁ" తప్ప ఇంకో మాట అనడు.

ఇప్పుడు స్టేజీ మీదకి వద్దాం. చెన్నైలో పెద్ద హోటలు, ఏసీ హాలు, మూడొందల మంది. నా టాపిక్ "వెబ్ పేజీల్లో చేయకూడని పది తప్పులు". తొమ్మిది తప్పులకి ఓ మోస్తరుగా నవ్వినారు. పదో తప్పుకి ఎవడో ఫ్రెండ్ పంపిన స్క్రీన్‌షాట్ వేసినాను. స్క్రీన్ మొత్తానికి రెండే బటన్లు. ఎర్రదాని మీద "పోతా ఉండాం", పచ్చదాని మీద "వచ్చేసినాం". అక్షరాలు బస్సు బోర్డంత. పైగా బటన్‌ని మూడు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలంట!

"ఈ బటన్ పని చేసేలోపల కిందకిపోయి టీ తాగి రావచ్చు" అన్నాను. హాలు గొల్లుమనింది. ఆ గొల్లులోనే ఆమె లేచింది.

పసుపు చుడీదారు, బిగించి వేసిన జడ, మైకు అక్కర్లేని గొంతు.

"అది ఎవరి కోసం చేసిన పేజీనో తెలుసా సార్?"

"అంటే... పైన పేరు కట్ అయిపోయింది."

"కట్ అయిందా, చేసినారా?"

నేను వెనక్కి తిరిగి స్క్రీన్ చూసినాను.

"మీదే ఊరు సార్?"

"నెల్లూరు."

"నెల్లూరులో యాడ?"

"తోటపల్లి గూడూరు పక్కన."

"ఓహో, సముద్రం పక్కనే! వేటకి ఎన్నిసార్లు పోయినారు?"

"నాకు పడవెక్కితే వాంతులండీ."

ఈసారి హాలు నన్ను చూసి నవ్వింది.

"మరి ఆ మూడు లెక్క ఎందుకో చెప్పండి" అన్నాను, పోయిన పరువు కొంచెమైనా వెనక్కి తెచ్చుకుందామని.

"మీ ఇంట్లో వాళ్లని అడగండి" అని కూర్చుండిపోయింది.

బఫే దగ్గర సారీ చెప్దామని రెండు ఐస్‌క్రీములు పట్టుకుని పోయినాను. ఆమె నా మెడలో పట్టీ వైపు చూసింది. దాని మీద నా పేరు, పేరు కింద "ఎక్స్‌పర్ట్" అని ఉంది.

"దాన్ని అటు తిప్పుకోండి సార్. మా పెసిడెంట్ గారు చూస్తే నమ్మేస్తారు" అంది.

నమ్మేసినాడు కూడా. పక్కనే పన్నీర్ కూర వడ్డించుకుంటున్న పెద్దాయన గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పేరు కిషోర్ బాబు. తీరం పొడుగునా పన్నెండు పాలేల మత్స్యకారుల సంఘానికి పెసిడెంట్, ఆఫీసు బోగోల్లో. ఈమె పేరు సుభాషిణి, ఆ సంఘంలో కంప్యూటర్ పనంతా ఈమెదే.

"మా పరువు పోయింది సార్. మూడొందల మంది నవ్వినారు! పది రోజుల్లో మాకు మోడరన్‌గా కొత్త పేజీ చేసిపెట్టండి. పాతది ఎత్తేస్తాం."

సుభాషిణి మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండేళ్లు పాలెం పాలెం తిరిగి ఆ పేజీ చేసిందంట. తర్వాత తెలిసింది నాకు. అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "ష్యూర్ సార్" అన్నాను. నోటికి అలవాటైపోయిన మాట, వచ్చేసింది. నా చేతిలో రెండు ఐస్‌క్రీములూ కారిపోతా ఉండాయి. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

పది రోజుల్లో పేజీ చేసినాను. నీలం రంగు, కదిలే అలలు, వేలు అట్టా ఆనిస్తే చాలు. ముద్దొచ్చేటట్టు ఉంది. కానీ దాన్ని చూసినప్పుడల్లా పసుపు చుడీదారే గుర్తొచ్చింది. "యాడ?" అని ఆమె అడిగిన తీరు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మా అమ్మ పిచ్చమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందిరా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు? గాలేమన్నా సోకిందా?"

"ఏం లేదు గానీ, అమ్మా, నాయన ఫోన్లో రెండు బటన్ల పేజీ ఏమన్నా ఉందా?"

"నా ఫోన్లోనూ ఉండాది. మీ నాయన పొయ్యేటప్పుడు ఎర్రది నొక్కతాడు, వచ్చినాక పచ్చది. పచ్చదైతేనే నేను కాఫీ తాగేది."

"రోజూనా? నేనెప్పుడూ చూడలేదే!"

"నువ్వు లేసేటప్పటికి ఆయన వచ్చి, తిని, పడుకుని ఉంటాడు. నీకెట్టా తెలస్తది, కుంభకర్ణుడా?"

ఆ మూడు లెక్క ఎందుకని అప్పుడన్నా అడగాల్సింది. అడగలేదు. నా పేజీని వాళ్లిద్దరి ఫోన్లలో పెట్టి, "రేపు ఇది వాడండి, చాలా సులువు" అన్నాను. నాయన "ఊఁ" అన్నాడు.

మర్నాడు నేను కూడా ఆరింటికే లేచినాను. ఏడుంబావుకి అమ్మ ఫోన్ పచ్చగా మారింది. నా అలలు ఎగిసినాయి. అమ్మ కాఫీ తాగి, చేపలు వేయిద్దామని పెనం పెట్టింది.

ఎనిమిదైంది, నాయన రాలేదు. ఎనిమిదిన్నరైంది. ఫోన్ చేస్తే కలవదు. అమ్మ చేతిలో అట్లకాడ అట్టాగే పట్టుకుని ఒడ్డుకి పరిగెత్తింది, వెనకే నేను. ఒడ్డున అందరి బోట్లూ ఉండాయి, నాయన బోటు లేదు.

"వచ్చేసినాడనింది కదరా నీ పేజీ!" అంది అమ్మ.

జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు నాకు. పచ్చగా ఉందని మేం ఇంట్లో నిమ్మళంగా కూర్చున్న గంటలో ఎవరన్నా వెతకడానికి పోయేవాళ్లే కదా. అమ్మ ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. ఆ అట్లకాడ పట్టుకుని నీళ్ల వైపే చూస్తా నిలబడింది.

తొమ్మిదింబావుకి ఇంకో బోటు నాయన బోటుని లాక్కొచ్చింది. ఇంజను చెడిపోయిందంట. నాయన తాపీగా దిగినాడు. మెడలో పాలిథిన్ కవరు, అందులో తడిసిన ఫోను. దాని మీద నా అలలు ఎగరతా ఉండాయి. కవరుకి నీళ్లు తగిలినప్పుడల్లా దానంతట అదే ఎర్రగా, పచ్చగా మారతా ఉంది. సిగ్నల్ లేక ఇంటికి చేరింది మాత్రం ఆ మొదటి పచ్చ ఒక్కటే.

అప్పుడు వేసింది అమ్మ, వీపు మీద అట్లకాడతో.

"మూడు లెక్కపెట్టమనిందంటే ఆ పాత పేజీ చేసినామెకి పిచ్చా? తడి చేతులురా! పొరపాటున తగిలితే ఇంట్లో ఆడోళ్ల ప్రాణం ఏం కావాల? ఆమెకి ఉండే బుద్ధి నీకు లేకపాయె!"

"ఆమె పేరు సుభాషిణి అమ్మా" అన్నాను వీపు రుద్దుకుంటా.

అమ్మ అట్లకాడ దించింది. నన్ను మళ్లీ ఎగాదిగా చూసింది. "ఓహో, ఆ గాలా సోకింది!" అంది.

ఆ మధ్యాన్నమే బోగోలు పోయినాను. సంఘం ఆఫీసులో ముప్పై మంది కూర్చుని ఉండారు, కొత్త పేజీ చూద్దామని. ఒక మూల సుభాషిణి, ఎదురుగా లడ్డూల ప్లేటు. ఒక్కటీ ముట్టలేదు.

నేను సముద్రం నీళ్లు బకెట్‌తో తెప్పించినాను.

"పెసిడెంట్ గారూ, చేతులు ముంచండి. తుడుచుకోకుండా నా పేజీ ఉన్న ఈ ఫోను జేబులో పెట్టుకుని హాలు చుట్టూ ఒక రౌండ్ నడవండి."

నడిచినాడు. ఫోను తీసి చూస్తే ఆయన మూడుసార్లు వేటకి పోయి మూడుసార్లు తిరిగొచ్చినట్టు ఉంది. జనం పడీపడీ నవ్వినారు. అప్పుడు పొద్దున మా ఇంట్లో జరిగింది చెప్పినాను, నవ్వు ఆగిపోయింది.

"సుభాషిణి గారి పేజీలో తప్పు లేదు. తప్పు నాది. తెలుసుకోకుండా, అడగకుండా నవ్వినాను. పాతదాన్ని ఎత్తెయ్యొద్దు సార్, నాదాన్నే ఎత్తెయ్యండి" అన్నాను. కిషోర్ బాబు తడి చేతుల్తోనే చప్పట్లు కొట్టినాడు.

బయటికొచ్చినాక ఆమె నా చేతిలో లడ్డూ పెట్టింది.

"సారీ చెప్పడానికి పది రోజులు పట్టిందా?"

"ఐస్‌క్రీముతో చెప్దామనుకున్నా, కరిగిపోయింది. కాఫీకి వస్తారా?"

"ముందు మీరు ఒకసారి వేటకి పోయి రండి. ఆ తర్వాత చూద్దాం."

"వాంతులండీ!"

"చేసుకోండి, సముద్రం ఏమనుకోదు." ఫోను తీసింది. "పేజీలో మీ పేరు ఎక్కిస్తా. ప్రతి పేరు కిందా ఒడ్డున చూసేవాళ్ల పేరు ఉంటది. ఎవరిది పెట్టమంటారు?"

"మా అమ్మది."

"ఆమె మీ నాయన కోసం చూస్తది. ఒకరు ఇద్దరి కోసం చూడకూడదు. సర్లే, నేను ఆలోచించి పెడతాలే."

ఆదివారం నాయనతో పోయినాను. అక్కడ నా ప్రతాపం గురించి అడగొద్దు. నాయన కూడా చెప్పడు, "ఊఁ" అంటాడు. నాలుగోసారి వాంతి అయినాక, ధైర్యం కోసం పేజీ తెరిచినాను. ఎర్ర గడిలో నా పేరు, దాని కింద ఒక లైను.

ఒడ్డున: సుభాషిణి.

కడుపులో తిప్పేది టక్కున ఆగింది.

ఒక్క సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఆ పేజీని పన్నెండు పాలేలూ చూస్తాయి. మేం ఒడ్డు చేరేటప్పటికి సగం ఊరు అక్కడే ఉంది. ముందు వరసలో మా అమ్మ, పక్కన పసుపు చుడీదారు.

"నీ పేరు కింద నా పేరు లేదేందిరా?" అంది అమ్మ. అని సుభాషిణి భుజం మీద చెయ్యేసింది. "పోన్లే, ఈమె నాకంటే జాగ్రత్తగా చూస్తది."

నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే మొదలుపెట్టినాను. "సుభాషిణి గారూ, మీరంటే నాకు..."

"ముందు నొక్కండి! అప్పటిదాకా మీరు రానట్టే."

తడి చేత్తోనే ఫోను తీసినాను. పచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టినాను. ఒకటి. రెండు. వేలు జారబోయింది. ఆమె నీళ్లలోకి వచ్చి నా వేలి మీద తన వేలు పెట్టి అదిమింది. మూడు. పచ్చగా మారింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

"నువ్వంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకుందామా?" అన్నాను ఒక్క గుక్కలో.

ఆమె ఒక వేలు మడిచింది, రెండో వేలు మడిచింది. ఒడ్డున మా అమ్మ ఊపిరి బిగబట్టింది. మూడో వేలు కూడా మడిచి, నా వైపు చూసి, "ఊఁ" అంది.

మా నాయన మొదటిసారి నోరు తెరిచినాడు.

"పొరపాటున అన్నది కాదులే అబ్బయ్యా" అన్నాడు.