మూడో చెయ్యి

తెల్లవారగానే గోడ బట్టల తీగని లోపలికి లాగేసుకుంది. అంటే మధ్యాహ్నంలోపు వాన ఉందన్నమాట. సువర్చల ఆకాశం వైపు చూడనైనా లేదు. 2076లో, కాకినాడలో, వాన కోసం ఆకాశం చూసేవాళ్లు ఎవరూ లేరు. నీళ్లూ కరెంటూ వచ్చినట్టే ప్రతి ఇంటికీ గణనధార వస్తుంది. సముద్రం అడుగున చల్లటి చోట కూర్చున్న పెద్ద యంత్రాలు ఊరందరి లెక్కలూ కట్టి జవాబుల్ని గోడల్లోకి పంపిస్తాయి. పప్పులో ఉప్పెంతో గోడే చెబుతుంది, మందు వేసుకునే వేళా గోడే చెబుతుంది. దాని తాలూకు డబ్బా గానీ తీగ గానీ ఇంట్లో ఎక్కడా కనబడదు. కంప్యూటరు అన్న మాటని పిల్లలు రోకలి, తిరగలి అన్నట్టు పలుకుతారు. ఒకప్పుడు ఇళ్లల్లో ఉండేదట.

సువర్చల ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఒకటి కాదు, వీధి గది నిండా ఉన్నాయి. ఆమె భర్త భానోజీరావు కాలేజీ రోజుల నుంచీ పోగుచేసినవి. రంగు మారి పసుపంటిన గుడ్డలా అయిపోయిన డబ్బాలు, అద్దం లోంచి దీపాలు కనిపించేవి, మీటలు అరిగి అక్షరాలు మాయమైన కీబోర్డులు. సువర్చల మెత్తటి కుంచెతో వాటి దుమ్ము దులుపుతుంది. ఆదివారం వచ్చిందంటే భానోజీ వాటిని ఒక్కొక్కటిగా వెలిగిస్తాడు. వంటింట్లో బెండకాయలు తరుగుతూనే, ఫ్యాను చప్పుడుని బట్టి లేచింది ఏ యంత్రమో ఆమె చెప్పగలదు. వేడెక్కిన దుమ్మూ ప్లాస్టిక్కూ కలిసిన ఆ వాసన వస్తే పెళ్లయిన కొత్త గుర్తొస్తుంది. గోడకి ఏ వాసనా లేదు.

కాఫీ వేళకి జోగారావు వచ్చాడు. భానోజీకి పాలిటెక్నిక్ నాటి స్నేహితుడు. నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం వస్తాడు, ప్రతి ఆదివారం ఒకే తగువు పెట్టుకుంటాడు.

“చెల్లెమ్మా, అంకెల దొంగ లేచాడా?”

“లేచారు అన్నయ్యగారూ. మీ కోసమే గొంతు సవరించుకుంటున్నారు.”

తగువంతా గదిలో మధ్య బల్ల మీద ఉన్న యంత్రం గురించే. దాని పేరు రాకాసి. పెళ్లికి ముందు నుంచీ భానోజీ ఈ ఇంట్లోనే పై వాటాలో ఉండేవాడు. పెళ్లికాక ముందే స్నేహితులిద్దరూ విడి భాగాలు కొని, బోర్డు మీద చిప్ కూర్చోబెట్టి, స్క్రూలు బిగించి కట్టుకున్నారు దాన్ని. కట్టుకున్నవాళ్లు ఊరుకోరు. కంపెనీ చిప్‌కి ఒక వేగం నిర్ణయించి ఇస్తుంది. వోల్టేజి పెంచి, చల్లబరచి, ఆ హద్దు దాటించి నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అనేవారు. వీళ్ల భాషలో అది ‘తోలడం’. చిప్ మీద అడుగు చదును చేసిన రాగి చెంబు పెట్టి, దాన్నిండా ఐసు పోసి తోలేవారు.

2034 ఎండాకాలంలో రాకాసి ఏడు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్ అందుకుంది. ఇంట్లో కట్టిన యంత్రానికి అది గొప్ప అంకె. కానీ ఎవరు తోలారు? బోర్డు మీద బ్యాటరీతో బతికే చిన్న జ్ఞాపకంలో అత్యధిక వేగం ఎంతో ఉంటుంది గానీ తేదీ ఉండదు, పేరూ ఉండదు. ఆ అంకె బయటపడిన ముందురోజు రాత్రి జోగారావు తెల్లవారుజాము దాకా కూర్చుని ఏడు పాయింట్ నాలుగు పెట్టాడు, తెర నల్లబడింది. పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ భానోజీ అదే పెట్టాడు, మళ్లీ నల్లబడింది. సాయంత్రం ఇద్దరూ వచ్చి చూస్తే బోర్డులో అంకె నమోదై ఉంది. తెర పోయే ముందు నేను పెట్టినప్పుడే అందుకుందని ఒకడు, కాదు నేను పెట్టినప్పుడని ఇంకొకడు.

“ఒప్పేసుకోరా భానూ, ఈ వయసులో మనశ్శాంతి.”

“మనశ్శాంతి నువ్వే ఉంచుకో. నువ్వు కూర్చున్నది కునుకు తియ్యడానికి.”

“పొద్దున్నే ఒక మీట నొక్కిపోయినోడు కూడా మాట్లాడేస్తున్నాడు చెల్లెమ్మా.”

ఆ రాత్రి కథా, ఆ పొద్దుటి కథా సువర్చలకి కంఠతా వచ్చు. వాళ్లకి తెలియనిది ఆ పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఉన్న మధ్యాహ్నం.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. “అది ముట్టుకోకు, షాక్ కొడుతుంది,” అనేవాడు భానోజీ. ఆమె బీయెస్సీ ఫిజిక్స్ చదివిందని ఆ మాట అంటున్నప్పుడు అతనికి గుర్తుండేది కాదు. వాళ్లు తోలుతుంటే గుమ్మంలో నిలబడి చూసి చూసి, ఎక్కడ ఆగిపోతున్నారో ఆమెకి అర్థమైంది. కూర్చుంది, తోలింది. ఏడు పాయింట్ నాలుగు తెర మీదకొచ్చి కదలకుండా నిలబడితే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. తుడిచి, సర్ది, చెంబు కడిగి బోర్లించేసింది.

ఆ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. అంకె ఎవరిదన్నది వాళ్లిద్దరికీ ఆదివారం కాలక్షేపం. ఆమెకి మాత్రం తన బతుకులో పూర్తిగా తనదైన ఒక మధ్యాహ్నం. అది ఒక్కసారి, ఒక్క మనిషికైనా తెలిస్తే బాగుండునని ఈమధ్య తరచు అనిపిస్తోంది.

ఈ ఆదివారం జోగారావు ఒంటరిగా రాలేదు. వెంట తమ్ముడి కూతురు నీలోత్పల వచ్చింది. విశాఖలో పదార్థశాస్త్ర పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, “దీని పేరు జాడదర్శిని, బాబాయిగారూ,” అంది.

“ఏం చేస్తుందమ్మా?” అన్నాడు భానోజీ.

“పాత చిప్‌ల గతం చదువుతుంది. కరెంటు పారినప్పుడల్లా చిప్ లోపలి సన్నటి తీగల్లో లోహపు అణువులు కొంచెం కొంచెం కొట్టుకుపోతాయి, ఏట్లో ఇసకలాగ. లోహవలస అంటాం మేం. ఏ రోజు ఎంత పారిందో ఆ మేటల్ని బట్టి చెప్పొచ్చు. ఎంత వేగం, ఎంత వేడి, ఏ మీట తర్వాత ఏ మీట, అన్నీను.”

“అన్ని చిప్‌లకీనా?”

“అదే విచిత్రం. భద్రంగా వాడిన వాటిలో జాడలు లేతగా ఉంటాయి. మీలాంటివాళ్లు హింసపెట్టినవి మాత్రం అచ్చు పుస్తకంలా చదవొచ్చు.”

“విన్నావురా? మనం చేసింది హింస కాదు, చరిత్ర రాయడం,” అన్నాడు జోగారావు.

మీటలు నొక్కే వరసలో ప్రతి మనిషికీ ఒక నడక ఉంటుందని, అది పోల్చుకోవడానికి ఇద్దరూ కీబోర్డు మీద నాలుగు వాక్యాలు కొట్టాలని నీలోత్పల చెప్పింది. కొట్టారు. ఆమె రాకాసి మూత తీసి, జాడదర్శిని మొనని చిప్ మీద ఆనించింది. సువర్చల కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిందన్న మాటే గానీ చెవులు ఇక్కడే ఉన్నాయి. పాలు పొంగుతాయని గోడ రెండుసార్లు హెచ్చరించింది.

కప్పులతో గుమ్మంలోకి వచ్చేసరికి జాడదర్శిని మాట్లాడుతోంది.

“ఏడు పాయింట్ నాలుగు నిజమే. ఆ వేగంతో చిప్ నిలకడగా నడిచింది. మధ్యాహ్నం పూట. అప్పుడు చిప్ పైతలం సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంది.”

“కిందా?” అన్నాడు భానోజీ. “మేం వాడింది ఉత్తి ఐసు కదమ్మా. సున్నా దగ్గర ఆగిపోతుంది.”

“మీటలు నొక్కింది మీరిద్దరూ కాదు,” అంది యంత్రం. “అది మూడో చెయ్యి.”

స్నేహితులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నీలూ, దీనికి బండిలో కుదుపులు తగిలుంటాయి,” అన్నాడు జోగారావు.

“తేమ కూడా పట్టుంటుందిరా. కాకినాడ గాలి,” అన్నాడు భానోజీ.

వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడడం సువర్చల పెళ్లయ్యాక చూడడం అదే మొదలు. నీలోత్పల నవ్వాపుకుని, యంత్రంలో లోపం లేదంది. అయితే దొంగ ఎవరని మొదలుపెట్టారు.

“కింద వాటా సూరిబాబు?”

“వాడికి లైటు వెయ్యడమే రాదు కదరా.”

“ఐసు తెచ్చే అతను? ఆ లాజరు?”

“గుమ్మం దాటి లోపలికి ఎప్పుడొచ్చాడు?”

“మీ బావమరిది వచ్చాడేమో ఆ ఎండాకాలం.”

“వచ్చాడు గానీ, పడుకున్నాడు.”

ఆ ఇంట్లో అడుగుపెట్టిన మగవాళ్లనందర్నీ, చనిపోయిన వాళ్లతో సహా, వరసగా పిలిచి నిలబెట్టారు. ఎవరూ గుమ్మం వైపు తిరగలేదు. కాఫీ మీద మీగడ కడుతోంది. సువర్చల పళ్లెం బల్ల మీద పెట్టింది.

“నేనే,” అంది.

జోగారావు నవ్వాడు. “చెల్లెమ్మ ఎప్పుడూ ఇంతే. తగువు తీర్చడానికి నెత్తిన వేసుకుంటుంది.”

“ఐసులో కల్లుప్పు వేశాను అన్నయ్యగారూ. ఐస్‌క్రీమ్ తిప్పేటప్పుడు వెయ్యరూ, అలాగ. ఉప్పు పడితే సున్నాకి కిందకి దిగుతుంది. డిగ్రీలో చదివిందే.”

నవ్వు ఆగిపోయింది. భానోజీ మొహంలో ఆశ్చర్యం కంటే ముందు ఇంకేదో కదిలింది. పోటీదారుడు పోటీదారుణ్ణి అడిగినట్టు అడిగాడు.

“మరి చెమ్మ? అంత చలికి బోర్డంతా నీళ్లు కారాలే.”

“పెదాలకి రాసుకునే జెల్లీ చెంబు చుట్టూ దట్టంగా పూశాను. మీరు గోరంత పూసేవారు. అక్కడే పోయేది మీకు.”

“వోల్టేజి?”

“మీరు పెట్టిన దాని మీద ఒక్క మెట్టు.”

నీలోత్పల కీబోర్డు ఆమె ముందుకి జరిపింది. సువర్చల కూర్చోలేదు. నిలబడే నాలుగు వాక్యాలు కొట్టింది.

“మూడో చెయ్యి ఇదే,” అంది యంత్రం.

భానోజీ కుర్చీ లాగి ఆమెకి వేశాడు. అతను తనకి కుర్చీ వెయ్యడం ఇంతకుముందు ఎప్పుడు జరిగిందో ఆమెకి గుర్తు రాలేదు.

“ఇన్నాళ్లూ చెప్పలేదేం?” గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ సాయంత్రమే చెబుదామనుకున్నానండీ. బజ్జీల పళ్లెం పట్టుకొచ్చేసరికి మీరిద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఉన్నారు. ఆ తరవాత ఆదివారం ఆదివారం మీ ఇద్దరి మాటలతోనే సరిపోయేది. మధ్యలో నాకు చోటెక్కడుంది?”

అతను తల ఊపాడు. ఏదో అనబోయాడు. ఇంతలో జోగారావు కాఫీ కప్పు అందుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

“పోనీలే, తేలిపోయింది. ఆ రోజుల్లో నేను విసుక్కోకుండా అన్నీ విడమరిచి చెప్పబట్టి...”

“నువ్వు చెప్పడమేంట్రా? మా ఆవిడకి నేర్పింది నేను.”

“ముట్టుకోవద్దన్నవాడివి నువ్వేం నేర్పావురా?”

“ముట్టుకోవద్దంటేనే కదా చూసి నేర్చుకుంది.”

“వోల్టేజి గురించి గుమ్మంలో నిలబడి చెల్లెమ్మ నన్నడిగింది. నిన్ను కాదు.”

“అబద్ధం.”

జోగారావు తమ్ముడి కూతురి వైపు తిరిగాడు. “అమ్మాయ్, ఈ జాడలు మనిషి బుర్రలో కూడా పడతాయా? చెల్లెమ్మకి నేర్పిందెవరో నీ పెట్టె చెప్పగలదా?”

“ఏ ఇంటికి తీసుకెళ్లినా చివరికి ఇదే అడుగుతున్నారు పెదనాన్నా,” అంది నీలోత్పల. “చిప్‌ని చదివి ఒక తగువు తీరుస్తానా, వెంటనే పక్కనున్న మనిషిని చదవమంటారు.”

“ఎవరూ నేర్పలేదు,” అంది సువర్చల. తగువు రుచిలో పడ్డ ఇద్దరికీ అది వినబడలేదు.

ఆమెకి కోపం రాలేదు. తెలియవలసిన వాళ్లకి తెలిసింది. తెలిస్తే లోపల ఏదో చల్లబడి కుదురుకుంటుందని ఇన్నేళ్లూ అనుకుంది. అలా ఏమీ జరగలేదు. ఎదురుగా రాకాసి తెర మీద ఏడు పాయింట్ నాలుగు అని ఉంది. అరిగిపోయిన మీటల మీద ఆమె వేళ్లు వాటంతటవే సర్దుకుని కూర్చున్నాయి.

“ఇంకా ఎంత తోలొచ్చు?” అని అడిగింది యంత్రాన్ని.

“తోలవద్దు,” అంది జాడదర్శిని. “లోపల ఒక తీగ వెంట్రుకంత మిగిలింది. ఏడు పాయింట్ అయిదు పెడితే తెగుతుంది. ఆ తరవాత ఈ చిప్‌ని ఎవరూ వెలిగించలేరు, ఎవరూ చదవలేరు.”

“పిన్నిగారూ, వద్దండి,” అంది నీలోత్పల కంగారుగా. “మీ మధ్యాహ్నం అందులోనే ఉంది. అది పోతే మీరు తోలారని చెప్పడానికి సాక్ష్యం ఉండదు.”

ఏడు పాయింట్ అయిదు అన్న మాట చెవిన పడగానే అటు తగువు ఠక్కున ఆగింది. ఇద్దరూ లేచి వచ్చి కుర్చీకి చెరో పక్కనా నిలబడ్డారు. తెర వైపు వంగారు.

సువర్చల కుర్చీని బల్లకి దగ్గరగా జరుపుకుంది.

“తెగేలోపు అంకె కనబడుతుందా?”

లెక్క కట్టడానికి యంత్రం కొంచెం వ్యవధి తీసుకుంది.

“కనబడుతుంది,” అంది.

మగవాళ్లయినా ఆపుతారేమోనని నీలోత్పల వాళ్ల వైపు చూసింది. భానోజీ అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.