తప్పు చేస్తేనే పలికే పెన్ను

2079లో, భీమిలి తీరానికి అవతల సముద్రం అడుగున కట్టిన గాజు ఊళ్ళో, మధుమేహం ఉన్న ప్రతివాళ్ళ దగ్గరా ఒక మాటపెన్ను ఉండేది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ సువర్చల.

పెన్నులో రెండు రకాల ఇన్సులిన్ కలిపిన మందు ఉంటుంది. కదపకుండా ఉంచితే తెల్లటి మడ్డి అడుగుకి చేరుతుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి, పాలలా ఒకే తెలుపు వచ్చాకే వేసుకోవాలి. వేసుకున్నాక భోజనం మానకూడదు. ఏది తప్పినా పెన్ను హెచ్చరిస్తుంది, అదీ మనం కోరుకున్న మనిషి గొంతుతో. ఆ మనిషి పోయినా సరే.

సువర్చల అన్న మురహరి ఇన్సులిన్ వేసుకుని, పనిలో పడి తినడం మరిచి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆమెకీ చక్కెర జబ్బే. ఆమె పెన్నులో ఉన్నది అన్న గొంతే. మూడేళ్ళలో అది ఒక్కసారీ పలకలేదు. ఆమె ఒక్క తప్పూ చేయలేదు మరి.

రిటైరైన వెల్డరు గౌరునాయుడు వారంలో మూడుసార్లు స్పృహ తప్పాడు. నాలుగోసారి లేస్తాడన్న నమ్మకం లేదు. పెన్ను పాడైందేమోనని టిఫిన్ వేళకి ఆమె అతని ఇంటికి వెళ్ళింది.

అతను మందు పద్ధతిగా కలిపాడు. పొట్ట మీద నిన్నటి చోటు వదిలి వేసుకున్నాడు. పెన్ను కిమ్మనలేదు. తర్వాత ఇడ్లీల పళ్ళెం పక్కకి జరిపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తినండి బాబాయ్."

"ఉండమ్మా. తొందరేటి."

అరగంట గడిచింది. అతని చేతికి అతికించిన, రక్తంలో చక్కెర లెక్క పెన్నుకి పంపే బిళ్ళ మీద అంకె డెబ్భైకి దిగింది.

"ఏటి, పల్లెం అలాగే ఉన్నాది?" పెన్నులోంచి ఆడగొంతు. "సూదేసుకుని కూకుంటే కళ్ళు తిరగవా? నీకెన్నిసార్లు సెప్పాలి?"

గౌరునాయుడి మొహం వెలిగింది. "పోయిన మా ఇంటిది, పైడితల్లి. డెబ్భైకి తిడతాది. అరవైకి పేరెట్టి పిలస్తాది. యాభైకి ఏడుస్తాది."

సువర్చల బిళ్ళ వంక చూసింది. ప్రమాదం పెరిగేకొద్దీ గొంతులో ఆర్తి పెరగాలని పెన్నుకి నేర్పింది తనే.

గబగబా చక్కెర నీళ్ళు కలిపి అతని చేత తాగించింది. "మీరు తింటుంటే మాట్లాడేలా మారుస్తాను."

"నాను తిన్నంతసేపూ అదెప్పుడు మాటాడిందమ్మా?" అతను నవ్వాడు. "అలా మాటాడితే అది మా ఆడది కాదు."

ల్యాబుకి వెళ్ళి రికార్డులన్నీ తిరగేసింది. పోయినవాళ్ళ గొంతు పెట్టుకున్న ఇళ్ళలోనే ఎక్కువమంది పడిపోతున్నారు. ఇక ఆలోచించలేదు. మధ్యాహ్నం రెండుకి అన్ని పెన్నుల్లో గొంతులు చెరిగిపోయి, యంత్రం గొంతు వచ్చేలా ఆజ్ఞ పెట్టింది.

పన్నెండున్నరకి భోజనానికి కూర్చుంది. పెన్ను దొర్లించింది. తలకిందులు చేసింది. పాలలాంటి తెలుపు. వేసుకుంది. ముద్ద కలిపింది.

గడియారం వంక చూసింది. రెండుకి ఇంకా గంటకి పైగా ఉంది. చేయి కడుక్కుని పళ్ళెం పక్కకి జరిపింది.

ఒంటిగంట దాటాక చెమట పట్టింది.

"అన్నం ముందర పెట్టుకుని ఎవరి కోసం చూస్తున్నావే?"

మూడేళ్ళలో మొదటిసారి అన్న గొంతు. బిళ్ళ మీద అరవై ఎనిమిది. అంటే ఇంకా తిట్టే; పేరు పెట్టి పిలవాలంటే అరవైకి దిగాలి.