రెండు బిళ్ళల గొంతు మైకు

నూజివీడు బస్టాండు దగ్గర దశరథరామయ్యగారి రేడియో రిపేరు కొట్టు ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు మేం ముగ్గురం అక్కడ చేరేవాళ్ళం. రామయ్యగారు, నేను, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసే విజయరాణి. నేను హైస్కూల్లో సైన్సు మాష్టారిని, పేరు సలోమోను. ముగ్గురికీ హామ్ రేడియో, అంటే సొంతంగా వైర్‌లెస్ సెట్లు నడిపే, లైసెన్సులున్నాయి. తుపాన్లొచ్చి ఫోన్లు తెగిపోతే సముద్రం వొడ్డు ఊళ్ళకి వెళ్ళి, వైర్‌లెస్ సెట్లమీద కబుర్లు అందించాలన్నది మా ఆశ.

చిక్కల్లా మైకులతోనే. గాలిలో నిలబడి చేతి మైకులో ఎంత అరిచినా, అవతలివాడికి గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. 1982 వర్షాల్లో నేనే ఒక కబురు తప్పుగా రాసుకున్నాను. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నెల రోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదు. నా స్వభావం అంత.

1983 వేసవిలో రామయ్యగారు సికింద్రాబాదు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చారు. మిలటరీ వాళ్ళు తీసేసిన సామాన్లు అమ్మేచోట దొరికిందట. అందులో మూడు గొంతు మైకులు. మెడకి పటకాలా చుట్టుకోవాలి. బిళ్ళ గొంతుకి ఆనుకుని, గొంతు అదురునే మాటగా పంపిస్తుంది. చుట్టూ ఎంత గాలి వీచినా దానికి పట్టదు. అది ఎవరి మెడకి ఉందో ఆ గొంతు తప్ప ఇంకేదీ దానికి వినపడదు.

ఒకటి రబ్బరు పట్టీతో ఒంటి బిళ్ళది. మిగతా రెండూ తోలు పట్టీలవి, గొంతుకి అటొకటి ఇటొకటి బిళ్ళలు. తోలు నల్లబడి, పాత చెమట వాసన, తడిసిన రాగి చెంబు వాసన కలిసి వేస్తోంది.

రామయ్యగారు ఒకటి కట్టుకుని అద్దంలో చూసుకున్నారు. "ఈ వయసులో నా మెడకి తాడు కట్టించారు కదండీ మాష్టారూ!"

"కట్టడం కాదు, పలకడం చూడండి," అంది విజయరాణి. "ఒకటి నుంచి పది దాకా చెప్పండి."

"ఇంట్లో మా ఆవిడ, ఇక్కడ నువ్వు. చెప్పకపోతే బతకనిస్తారా?"

మూడు వారాలు పరీక్షలు చేశాను. పుస్తకంలో గడులు గీసి, ఏ మైకులో ఏ అక్షరం చెడుతోందో రాసుకున్నాను. ఒంటి బిళ్ళది నడిస్తే జారిపోతోంది. రెండు బిళ్ళలదే మేలని తేల్చాను. కానీ నిజమైన గాలిలో చూడకుండా, పుస్తకంలో ఇదే ఖాయమని సంతకం పెట్టడానికి మనసొప్పలేదు.

"సరే, గాలివాన వచ్చినరోజు చూద్దాం. మీకు లేని అనుమానం దేవుడికి కూడా ఉండదు," అన్నారు రామయ్యగారు.

మే ఇరవయ్యో తారీకు మధ్యాహ్నం నాలుగింటికి పడమర నల్లబడింది. ఆగిరిపల్లి దారిలో మాకు తెలిసిన మామిడితోటకి రెండు స్కూటర్లమీద వెళ్ళాం. తోట కాపలా సవరయ్య కాయలు కప్పుకునే హడావిడిలో ఉన్నాడు.

"ఈశాన్యం మూలకి మాత్రం వెళ్ళమాకండి బాబూ. నేలబావి ఉంది. గట్టు లేదు. గడ్డి కప్పేసింది, పగలే కనపడదు," అన్నాడు.

నేను తోట పటం గీసి, చెట్ల వరసలకి అంకెలు వేసుకున్నాను. బావి చుట్టూ ఎర్ర పెన్సిలుతో మూడుసార్లు దిద్దాను. మోటారు షెడ్డులో నేను కూర్చోవాలి. రామయ్యగారు వీపుకి సెట్టు తగిలించుకుని, నేను చెప్పినట్టు వరసల మధ్య నడవాలి. మా ఇద్దరికీ రెండు బిళ్ళల గొంతు మైకులు. తేడా తెలియడానికి విజయరాణికి కావాలనే చేతి మైకు ఇచ్చాను. ఆమె గేటు దగ్గర రేకుల పందిరి కింద ఉంది.

నియమాలు రాసిందీ నేనే. ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే ఇంకొకరు నొక్కకూడదు. నొక్కినా మాట వెళ్ళదు. తన మాట అయిందనడానికి ఆఖర్న "ఓవర్" అని మీట వదలాలి. చెట్ల మధ్య ఉన్నవాడికి ఏమీ కనపడదు కాబట్టి షెడ్డు నుంచి వచ్చిన మాటే ఆఖరు మాట. ఎదురు ప్రశ్న వెయ్యకూడదు.

అయిదున్నరకి గాలి లేచింది.

ముందు దుమ్ము వాసన. తర్వాత తెగిన తొడిమల నుంచి జీడి వాసన, ఘాటుగా, కళ్ళు మండేలా. కాయలు రాలుతున్న చప్పుడు దూరం నుంచి మొదలై, ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నట్టు షెడ్డు దాకా వచ్చి ఆగింది. కరెంటు పోయింది. టార్చి వెలుగులో పటం చూస్తూ మీట నొక్కాను.

"రామయ్యగారూ, ఎక్కడున్నారు? ఓవర్."

"ఆరో వరస. బ్రహ్మాండంగా వినపడుతున్నారండీ! పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఓవర్."

విజయరాణిని పిలిస్తే ఒట్టి హోరు వచ్చింది. మధ్యలో "మాష్టా..." అని ఒక ముక్క. పుస్తకంలో రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగా ఉంది. నేను ఎంచుకున్నది సరైనదే.

వడగళ్ళు మొదలయ్యాయి. రేకుల మీద మోత. ఇక చాలు, ఆయన్ని వెనక్కి పిలవాలి. మీట మీద వేలు పెట్టాను.

నేను నొక్కకముందే సెట్టులోంచి మాట వచ్చింది.

"రామయ్యగారూ, కుడివైపుకి తిరగండి. ఓవర్."

ఆ గొంతు నాది.

వేలు అలాగే ఉండిపోయింది. నా మాట ఎక్కడో తగిలి తిరిగి వస్తోందా? కానీ నేను ఆ మాట అనలేదు. కుడివైపు అంటే... పటం చూశాను. కుడివైపు ఎర్ర గీత ఉంది.

"తిరిగానండీ. ఓవర్," అన్నారు రామయ్యగారు.

"నేరుగా రండి. తొమ్మిదో వరస దాటండి."

మీట నొక్కాను. "ఆగండి! రామయ్యగారూ, ఆగండి!" అని అరిచాను. వెళ్ళలేదు. అవతల ఎవరో మీట నొక్కే ఉంచారు. "ఓవర్" అన్న మాట వస్తే తప్ప సందు దొరకదు. అది ఇప్పుడు ఓవర్ అనడం లేదు. తీరిగ్గా, ఒక్కో మాటా నాలాగే విడదీసి చెబుతోంది. పాఠం చెప్పేటప్పుడు నేను వాక్యానికీ వాక్యానికీ మధ్య చిన్నగా గొంతు సవరించుకుంటాను. అది కూడా సవరించుకుంది.

తలుపు తోసుకుని విజయరాణి వచ్చింది. నిలువెల్లా తడిసిపోయింది. భుజానికి సెట్టు ఉంది.

"ఏంటి మాష్టారూ మీరు! ఆయన్ని అటెందుకు పంపుతున్నా..."

ఆగిపోయింది. నా ముఖం మీదికి టార్చి వేసింది. ఆమె భుజం మీది సెట్టులోంచి నా గొంతు వస్తోంది. "పదో వరస. గడ్డి ఉంటుంది, పర్వాలేదు."

"మీ పెదాలు కదలట్లేదు..." అంది గుసగుసగా.

తల అడ్డంగా ఊపాను.

ఆమె దగ్గరికి వచ్చి రెండు వేళ్ళు నా మెడ మీద, బిళ్ళ పక్కన ఆనించింది. వెంటనే కాలినట్టు తీసేసుకుంది.

"అదురుతోంది..."

అప్పుడు నాకూ తెలిసింది. నోరు మూసుకునే ఉన్నాను. కానీ పటకా కింద గొంతు, మాట మాటకీ అదురుతోంది.

పటకా లాగి పారేశాను. వైరు తెంపేశాను. మాట ఆగలేదు. రెండు చేతులతో గొంతు పట్టుకుని ఊపిరి బిగబట్టాను.

మాట ఆగింది.

"చెప్పు!" అని సైగ చేశాను. విజయరాణి చేతి మైకు నోటికి ఆనించుకుని అరిచింది. "రామయ్యగారూ! బావి! కదలొద్దు, బావి ఉంది!"

నెత్తిమీద రేకుల మీద వడగళ్ళు. ఆ చెవులు పగిలే మోతంతా ఆ మైకులోకే వెళుతోంది.

"ఎవరో మాట్లాడుతున్నారు, ఏమీ తెలియట్లేదు. వాన చప్పుడే వస్తోంది," అన్నారాయన. "మాష్టారూ, మీరు చెప్పండి. మీ మాట బాగుంది. ఓవర్."

ఆమె మళ్ళీ అరిచింది. మళ్ళీ. నా చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. కళ్ళముందు నల్లటి చుక్కలు. ఇంకొక్క క్షణం... ఇంకొక్కటి...

ఊపిరి తీసుకున్నాను. తీసుకోకుండా ఉండలేకపోయాను.

"నేనే చెబుతున్నాను రామయ్యగారూ," అంది సెట్టు. "రండి."

తువ్వాలు నోట్లో కుక్కుకుని వానలోకి పరిగెత్తాను. కొమ్మలు విరిగి పడుతున్నాయి. కాళ్ళకింద కాయలు చితికి జారుతున్నాయి. రెండుసార్లు పడ్డాను. పరిగెడుతున్నంతసేపూ గొంతు అదురుతూనే ఉంది. ఏం అంటోందో నాకు తెలియదు. వినడానికి నా దగ్గర సెట్టు లేదు. నా గొంతులోంచి ఏం పోతోందో నాకు వినపడట్లేదు, చెట్ల మధ్య ఉన్న ఆయనకి వినపడుతోంది.

పదో వరస దాటేసరికి అదురు ఆగిపోయింది.

బావిలోంచి కేక వినపడింది.

సవరయ్య మోకులు తెచ్చాడు. రామయ్యగారు మోటారు పైపు పట్టుకుని వేలాడుతున్నారు. తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. పైకి లాగుతున్నంతసేపూ నన్నే చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా ముందుంది.

నాలుగో రోజు ఆసుపత్రిలో మాట్లాడారు. విజయరాణి అప్పటికే జరిగింది చెప్పిందట. నమ్మారో లేదో తెలియదు. గోడవైపు చూస్తూ నెమ్మదిగా అడిగారు.

"బావి అంచున నన్ను నిలబెట్టి, మీ పిల్లల పేర్లు ఎందుకు అడిగారండీ?"

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నియమం ప్రకారం ఎదురు ప్రశ్న వెయ్యకూడదు కదా. చెప్పాను. పెద్దది లేయా, చిన్నవాడు కరుణాకర్ అని. మూడో పాప పేరు చెప్పండి అన్నారు. మీకు ఇద్దరే కదండీ అన్నాను. 'అయితే నేనే పెడతాను' అన్నారు. తర్వాత, ఒక్క అడుగు ముందుకి వెయ్యమన్నారు."

ఆ రోజుకి మా ఆవిడకి నెల తప్పిన సంగతి మా ఆవిడకే తెలియదు.

లైసెన్సు వెనక్కి పంపేశాను. ఖరగ్‌పూర్‌లో తెలుగు బడి ఉందంటే అక్కడికి ఉద్యోగం మార్పించుకుని, జూలైలో మా ఆవిడనీ పిల్లల్నీ తీసుకుని వచ్చేశాను. అయిదేళ్ళు కావస్తోంది. వచ్చిన మరుసటి జనవరిలో పాప పుట్టింది. గుళ్ళో బాప్తిస్మం రోజు పేరు చెప్పాలి, చెప్పలేకపోయాను. ఏ పేరు అనుకున్నా, అది నేను అనుకున్నదేనా అని భయం. అందరం పాపా అనే పిలుస్తాం. మా ఆవిడ అడగడం మానేసింది.

ఈ జూన్‌లో బడిలో వెయ్యాలి. మొన్న సాయంత్రం దరఖాస్తు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాప వచ్చి ఒళ్ళో ఎక్కింది. ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టి ఇదేంటని అడిగింది.

"నీ పేరు రాయాలమ్మా. ఏం పెడదాం?"

నవ్వింది. "నాకు పేరుందిగా నాన్నా. నువ్వు రోజూ నిద్రపోయాక నన్ను పిలుస్తావుగా."

దరఖాస్తు ఇవ్వడానికి గడువు ఎల్లుండి వరకే. ఏమని పిలుస్తున్నానో దాన్ని అడగడానికి నాకింకా ధైర్యం చాలలేదు.