విశ్వసనీయ వర్గాల దెయ్యం

యానాంలో ఫరంపేట దాటాక గోదారి వైపు వెళ్ళే దారిలో, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పొద్దుపోయాక ఆ దారిన ఎవరూ వెళ్ళేవారు కాదు. వెళ్ళిన ఆటో ఆగిపోతుందని, ఆగిన ఆటోలో వెనక సీటు బరువెక్కుతుందని చెప్పుకునేవారు. లోపల మేడమీద ఎవరో చచ్చినవాళ్ళ పేర్లు చదువుతుంటారట... వయసుతో సహా. ఆ మధ్య పేపర్లో కూడా చిన్న ముక్క పడింది.

దెయ్యాలకి వయసుతో ఏం పని అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇది రెండువేల నాలుగు నాటి మాట. యానాంలోకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, సిగ్నల్ మాత్రం ఇంకా రాలేదు. ఈ కథ నాకు ఎస్తేర్‌రాణి చెప్పింది. ఆ రోజు తనతో వెళ్ళిన వంశీని కూడా అడిగాను. వాడు చెప్పిన కథలో వాడు పారిపోలేదు. అందుకని ఎస్తేర్‌రాణి చెప్పిందే రాస్తున్నాను.

అప్పుడు ఇద్దరూ తొమ్మిదో తరగతి. తెలుగు చెప్పే కృష్ణమూర్తి మాస్టారు కుర్రతనంలో ఏదో పత్రికలో పనిచేశారు. ఆ దురద వదలక, శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలకి వార్తలు రాయడం నేర్పేవారు. నెలకోసారి నోటీసుబోర్డు మీద గోడపత్రిక పెట్టించేవారు.

“ఒక్కళ్ళు చెబితే పుకారు, ఇద్దరు చెబితే వార్త,” అనేవారు. “చెప్పినవాళ్ళు పేరు వద్దంటే తల తీసినా బయటపెట్టకూడదు. ముఖ్యమైంది పైన రాయండి. కింద నుంచి ఎంత కోసినా వార్తకి ప్రాణం పోకూడదు.”

వంశీ సరిగ్గా ఈ కోసే దగ్గరే నిద్రపోయాడు. దానికి తగిన శాస్తి తర్వాత జరిగింది.

ఎస్తేర్‌రాణికి ఆ దెయ్యంతో సొంత పగ ఉంది. వాళ్ళ మామ్మ పాపాయమ్మ బజ్జీల బండి ఆ ఫ్యాక్టరీకి ఎదురుగానే ఉండేది. సాయంత్రమైతే అక్కడ తీర్థమే. యానాంలో మందు చవకని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దిగేవాళ్ళంతా నంజుకోవడానికి అక్కడే చేరేవారు. దెయ్యం కబురు పుట్టాక ఒక్కడూ రావడం లేదు. దీపాలు పెట్టే వేళకే మామ్మ మూకుడు దించేస్తోంది.

“ఇలాగైతే బండి తీసేద్దాం,” అన్నాడు ఎస్తేర్‌రాణి తండ్రి దానియేలు.

పాపాయమ్మ తల వంచుకుని మూకుడు తోముతూ కూర్చుంది. అది చూసి ఎస్తేర్‌రాణికి ఏడుపొచ్చింది. తాతయ్య పోయాక మామ్మ ఆ బండితోనే ఇల్లు నెట్టుకొచ్చింది. అది కూడా పోతే మామ్మ ఏమైపోతుంది?

దెయ్యం లేదని గోడపత్రికలో రాస్తానని మాస్టారితో చెప్పింది.

“లేదని ఎవరు చెప్పారు?”

“నేనేనండి.”

“నువ్వొక్కదానివేగా. పుకారు,” అన్నారాయన.

రెండో మనిషిగా వంశీ దొరికాడు. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువులు. దెయ్యం కనపడితే తీసుకెళ్ళి చెరువులో వేసేస్తానని వాడు క్లాసంతా చెప్పుకున్నాడు.

శనివారం చీకటి పడింది. కరెంటు పోయింది. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరూ గేటు సందులోంచి దూరారు. లోపల పాత చేపల వాసన... గోడలకి చెమ్మ... కాలికింద తడి.

“నాకేం భయం లేదు,” అన్నాడు వంశీ, ఎస్తేర్‌రాణి జడ పట్టుకుని.

మెట్ల దగ్గరికి చేరారో లేదో — పైనుంచి గొంతు.

“బాడీ వచ్చిందా...?”

వంశీ జడ గట్టిగా లాగాడు.

“...తల లేదా? తల మీరే పెట్టుకోండి...”

ఎక్కడో నీటిచుక్క పడింది. మళ్ళీ నిశ్శబ్దం.

“...మునిసిపాలిటీదా? దాన్ని చంపేయండి, పర్లేదు... ఇంకో చిన్నదుంది... దాన్ని బాక్సులో పెట్టి ఓ మూల పడేయండి...”

ఎస్తేర్‌రాణి వాళ్ళ పేటలో మనిషిని బాక్సులో పెట్టేది ఒక్కసారే — చర్చి నుంచి సమాధుల దొడ్డికి తీసుకెళ్ళేటప్పుడు. పైగా క్లాసులో అందరికన్నా చిన్నది తనే.

జడ మీద బరువు తగ్గింది. వెనక్కి తిరిగి చూస్తే వంశీ లేడు... వాడి చెప్పులు మాత్రం ఉన్నాయి.

“ప్రభువా... ప్రభువా...” అనుకుంటూ గోడకి అతుక్కుపోయింది.

“...ఇంకా పొడుగైందా? అయితే కింద నుంచి కోసుకుంటూ రండి... ఎంత కోసినా ప్రాణం పోదు...”

ఎస్తేర్‌రాణి ప్రార్థన మధ్యలో ఆపేసింది.

ఈ మాట ఎక్కడో విన్నాను... శుక్రవారం... ఆఖరి పీరియడ్!

గబగబా మెట్లెక్కింది. పైన కిటికీలో, సగం ఒళ్ళు బయటపెట్టి, ఒంటికాలి మీద నిలబడి, సెల్లు చెవికి అదుముకుని ఒక శాల్తీ. చూస్తే ఊళ్ళో విలేకరి ఇన్నయ్య! ఆ చుట్టుపక్కల సిగ్నల్ అందేది ఆ కిటికీలోనే, అదీ ఒంటికాలి మీదే.

ఆ పిల్లని చూసి దెయ్యమే కెవ్వుమంది.

“ఎవరే నువ్వు?”

“పాపాయమ్మ మనవరాల్నండి. బాడీ ఏంటండి? తల ఏంటండి?”

“వార్తేనమ్మా! కాకినాడ ఆఫీసుకి చదివి చెబుతున్నా. బాడీ అంటే అసలు వార్త, తలంటే హెడ్డింగు. చంపడమంటే వేయకుండా ఆపేయడం. బాక్సంటే చుట్టూ గీత గీసి వేసే చిన్న వార్త.”

“చచ్చినోళ్ళ పేర్లు?”

“యాక్సిడెంట్లు అవుతాయి కదా. వయసు చెప్పకపోతే వాళ్ళు ఊరుకోరు.”

“దెయ్యం ఉందని పేపర్లో వేసింది కూడా మీరేనా?”

“ఒకరు చెబితే రాశాను. ఎవరూ రాకపోతే నాకూ ప్రశాంతంగా ఉంటుంది కదా అని...”

“ఎవరు చెప్పారండి?”

ఇన్నయ్య ఛాతీ విరుచుకున్నాడు. “అది మాత్రం తల తీసినా చెప్పను. ఆవిడ వేడివేడి మిరపకాయ బజ్జీ పెట్టి మరీ ఒట్టేయించుకుంది.”

ఆ రోడ్డు మొత్తానికి మిరపకాయ బజ్జీ వేసే ఆవిడ ఒక్కతే.

ఎస్తేర్‌రాణి ఇంటికొచ్చి మామ్మ పక్కలో దూరింది. “ఆ దెయ్యాన్ని పుట్టించింది నువ్వా మామ్మా?”

“మెల్లిగా... మీ నాన్న వింటాడు.” పాపాయమ్మ కుడిచెయ్యి ముందుకి చాపింది. “ఇది సూడు. మొన్నామధ్య తాగినోడొకడు కాగే నూనెలో సీసా పడేశాడు. రోజూ అయ్యే బూతులు, అయ్యే వాంతులు. మీ నాన్నకి చెబితే రాత్రి బేరమే బేరం అంటాడు. పోలీసులకి బెదరనోళ్ళు దెయ్యానికి బెదిరారు. పగలు పిల్లలకి ఏసుకుంటే నాకు చాలదేంటే?”

“మరి నాన్న బండి తీసేస్తానంటున్నాడు...”

“నా బండి తీసేత్తాకి ఆడెవడే?”

ఎస్తేర్‌రాణి ఆ కాలిన మచ్చని తడిమింది. అదే చేత్తో రోజూ అన్నం పెడుతున్నా తన కంటికి ఇన్నాళ్ళూ కనపడలేదు. సిగ్గుతో ముఖం మామ్మ చీరకొంగులో దాచుకుంది.

సోమవారం గోడపత్రికలో మొదటి వార్త ఇది: ‘పాత ఐసు ఫ్యాక్టరీలో దెయ్యం ఉన్నట్టు విశ్వసనీయ వర్గాలు తెలిపాయి.’

“ఎంతమంది ఆ వర్గాలు?” అన్నారు మాస్టారు.

“ఇద్దరండి. పేర్లు తల తీసినా చెప్పనండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని వార్త ఇంకోసారి చదివారు. తర్వాత ఒక ఒత్తు దిద్ది సంతకం పెట్టారు.

అక్కడితో అందరూ సుఖంగా ఉండాల్సింది. కానీ గురువారం, ఎండ ఇంకా దిగకుండానే ఇన్నయ్య బండి దగ్గరికొచ్చాడు. పాపాయమ్మ బజ్జీ ఇస్తే పట్టుకున్నాడుగాని తినలేదు.

“పాపాయమ్మా... నిన్న రాత్రి నువ్వుగాని మేడమీదకొచ్చావా?”

“నేనా? నిన్న బుధవారం కదయ్యా, ప్రార్థనలో ఉన్నాను. ఇదిగో, ఇదీ నాతోనే ఉంది,” అంది మనవరాలిని చూపించి. “ఏం?”

ఇన్నయ్య చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

“పడవ ప్రమాదం వార్త చదివి చెప్పాను. పోయినవాళ్ళ పేర్లు, వయసులు... అంతా చెప్పి ఫోను కట్టేశాను... కట్టేశాక... నా వెనక... ఎవరో ఆడమనిషి...”

“ఏమంది?”

“‘నాకు నలభై ఏడు కాదండీ... నలభై నాలుగే. దిద్దించండి’ అంది.”

మూకుడులో బజ్జీలు మాడిపోయాయి. ఎవరూ తీయలేదు.

మర్నాడు పొద్దున్నే పాపాయమ్మ పొయ్యి, మూకుడుతో సహా బండిని స్కూలు గేటు దగ్గరికి తోసుకొచ్చేసింది. ఎందుకు మార్చావని ఎవరడిగినా ఒకటే మాట.

“ఇస్వసనీయ వర్గాలయ్యా... ఇస్వసనీయ వర్గాలు.”